జిగటనేలపై ఆటస్థలము

బిడ్డ చదువుకొనుటకు దీపమెంత యవసరమో, ఆడుకొనుటకు చదునైన నేలయు నంత యవసరము. ఆ నేలను సిద్ధము చేయుటలో మేము చేసిన పొరపాటును, దానివలన నేర్చిన పాఠమును ఇందు విన్నవించుచున్నాము. ఇంటి వెనుక దొడ్డిలో ఆటస్థలము కట్టదలచిన వారికిని ఇది యుపకరింపగలదు.

మూడేండ్ల క్రిందట మన బడి పెరటిలో గడ్డి చెక్కించి, నేలపై నేరుగా కాంక్రీటు పోయించితిమి. మొదటి యేడు పని బాగుగనే యున్నట్లు తోచెను. రెండవ వానకాలము గడచి ఎండలు ముదురగనే పలక నడుమ నెఱ్ఱె విచ్చి, ఒక యంచు అంగుళము మేర పైకి లేచెను. ఏడవ తరగతి బాలుడొకడు షటిల్ ఆడుచు ఆ యంచు తగిలి పడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. ఇక ఆటలు మానిపింపుడని కొందఱు తల్లిదండ్రులు కోరిరి. వారి భయము సహజము. కాని దోషము ఆటది కాదు. నేల స్వభావము నెఱుగక త్వరపడిన మాది.

బెంగుళూరు నేల యంతయు నొక్క తీరుగ నుండదు. మెట్ట భాగములందు నైసు, గ్రానైటు రాళ్ళు శిథిలమై యేర్పడిన యెఱ్ఱమన్ను గలదు. ఇందలి బంక ముఖ్యముగా కెయొలినైటు జాతిది. అది తడిసినను ఎక్కువగా ఉబ్బదు. పల్లములందు, పూర్వము చెరువులున్న తావులందు జిగటమన్ను పేరుకొని యుండును. ఈ నగరములో అట్టి తావులు పెక్కు. సంపంగి చెరువున్న చోట నేడు కంఠీరవ క్రీడాంగణము, ధర్మాంబుధి చెరువున్న చోట కెంపేగౌడ బస్సు నిలయము గలవు. మన సీమలోని నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైటు అను బంక యధికము. అది నీరు త్రాగి ఉబ్బును, ఎండి కుదించుకొని నెఱ్ఱెలు వాఱును. రేగడిలో గోడలు బీటలు వాఱుట మనవారెఱిగినదే. మన బడి పెరడును ఒక పాత చెరువు అంచుననే యున్నదని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

నేలను పరీక్షించుటకు మూడు సులభోపాయములు గలవు. మొదటిది, గాజుసీసాలో మూడవవంతు మన్ను వేసి, నీరు పోసి, బాగుగ కుదిపి నిలుపవలెను. ఇసుక నిమిషములలో అడుగున చేరును. ఒండ్రు కొన్ని గంటలకు దిగును. బంక మరునాటికిని నీటిని కలకగ నుంచును. రెండవది, తడిమన్నును సన్నని వత్తిగ చేసి ఉంగరమువలె వంచవలెను. పగులక వంగినచో బంక అధికము. మూడవది, అడుగు లోతు గుంటను నీటితో నింపి, అది యింకిన పిదప మరల నింపవలెను. రెండవమారు పోసిన నీరు మరునాటికిని నిలిచియున్నచో, దానికి దారి మనమే చూపవలెను.

పని జనవరి మొదలు మార్చి వఱకు చేయుట మేలు. ఇచ్చట సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వానలు మెండు. తడిసిన బంకను ఎంత దిమ్మిస కొట్టినను గట్టిపడదు. షటిల్ ఆటస్థలము 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఊలుబంతితో ఆడు బాల్ బాడ్మింటనునకు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు కావలెను. చుట్టును కొంత ఖాళీ విడువవలెను. ఉదయాస్తమయముల ఎండ ఆటగాండ్ర కన్నులలో పడకుండ, పొడవు ఉత్తర దక్షిణములుగ నుండవలెను.

మొదట ఆరంగుళముల పైమన్ను, వేళ్ళతో సహా తీసివేయవలెను. నేలను ఒక ప్రక్కకు నూటికి ఒకటి వంతున వాలు చేయవలెను. అనగా 20 అడుగులకు సుమారు రెండున్నర అంగుళములు. అంచుల వెంట కాలువ త్రవ్వి కంకర నింపి, ఆ నీటిని ఇంకుడుగుంటకు మరలింపవలెను. పిదప మొరమును మూడేసి అంగుళముల పొరలుగ పఱచి, ప్రతి పొరను రోలరుతో గట్టిపఱుపవలెను. పిడికిట పట్టిన మన్ను ఉండ కట్టవలెను గాని అరచేయి తడి కారాదు. గట్టిపఱచుటకు అదియే తగిన పదును. ఉబ్బెడు జిగట లోతుగ నున్నచో సున్నము కలుపుటయు నొక మార్గము. ఎంత కలుపవలెనో మంటిని పరీక్షింపించి ఇంజనీరు చెప్పవలెను. పొడిసున్నము కన్నులకు హాని చేయును కావున ఆ పని వేళ పిల్లలను దరికి రానీయరాదు.

పైభాగమునకు ఇసుక కలిపిన జల్లెడమన్ను చాలును. మన పెద్దలు కళ్ళము చేయునపుడు నేల చెక్కి, తడిపి, పశువులచే త్రొక్కించి, పేడతో అలికెడివారు. ఆ విద్యయే యిది. కాంక్రీటే కావలెనన్నచో ఇదే పునాదిపై నాలుగంగుళముల మందమున, పదేసి అడుగులకొక సందు విడిచి పోయవలెను. పారిస్‌లోని రోలాండ్ గారోస్ టెన్నిసు స్థలములపై కనబడు ఎఱ్ఱని ఇటుకపొడి రెండు మిల్లీమీటర్లకు మించదు. దాని క్రింద సున్నపురాతి పొర, బొగ్గు చిట్టెపు పొర, కంకర పొర గలవు. ఆటను మోయునది ఆ క్రింది పొరలే.

వాన వెలిసిన పిదప పాదముద్ర పడనంతగ నేల ఆఱువఱకు ఆట నిలుపవలెను. వేసవిలో మంటినేలపై సాయంకాలము నీరు చల్లవలెను. పెద్దచెట్టు వేళ్ళు బంకలోని తడిని పీల్చి నేలను క్రుంగజేయును కావున దానికి దూరముగ నుండుట మంచిది.

స్థలము చిన్నదని నిరుత్సాహపడరాదు. మల్లేశ్వరములోని కెనరా యూనియను మందిరము పెండ్లిండ్లు జరుగు చోటు. ప్రకాశ్ పదుకొనె అచ్చటనే ఆట నేర్చి, 1980లో ఆల్ ఇంగ్లండు విజేత యయ్యెను. ఈ నగరములోని ఆయన అకాడమీలో శిక్షణ పొందిన మన పుల్లెల గోపీచంద్ 2001లో అదే బిరుదు నందెను.

పాత పలకను మేము తొలగించితిమి. ఈమారు వ్యయములో పెద్దపాలు కంటికి కనబడని పునాదికే పోవును. కావున పని నిదానముగ సాగుచున్నదని తల్లిదండ్రులు ఖిన్నులు కావలదు. మణికట్టు విఱిగిన బాలుడు కోలుకొని, సీసాలో మన్ను కలిపి పరీక్షించిన విద్యార్థులలో నొకడుగ నుండెను. వాని తల్లియు ప్రక్కన నిలిచి చూచెను. మరునాడు సీసాలో నీరింకను కలకగనే యుండుట చూచి, "అయ్యా, మొదటనే దీనిని చూచియుంటిరేని!" అని యామె యనెను. దానికి మేము చెప్పగల సమాధానము ఈ పనియే.