గాజు పోగులో పరుగు పందెం

మన రంగారెడ్డి జిల్లాలోనే, రావిర్యాల ఈ-సిటీలో హెచ్.ఎఫ్.సి.ఎల్. సంస్థ 2020 నుంచి ఆప్టికల్ ఫైబర్ తయారు చేస్తోంది. మన పుస్తకంలోని దృశా తంతువు ఇదే. సంపూర్ణాంతర పరావర్తనం అని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం గానీ, దాని తయారీ సంగతి మేము ఆలోచించలేదు.

మల్టీమోడ్ ఫైబర్ మొత్తం వ్యాసం 125 మైక్రాన్లు. అందులో కాంతి నడిచే కోర్ సాధారణంగా 50 మైక్రాన్లు. కోర్ వెడల్పు కాబట్టి కాంతి అనేక దారుల్లో పోతుంది. నడిమి దారి దగ్గర, అంచుల దారి దూరం. కాంతి వెనకా ముందుగా చేరితే సంకేతాలు కలగాపులగమవుతాయి.

దీనికి ఉపాయం మన గ్రౌండ్‌లోనే ఉంది. బయటి వరుసలో గుండ్రంగా పరిగెత్తేవారికి దూరం ఎక్కువ. వేగం పెంచితేనే లోపలివారితో సమానంగా వస్తారు. అందుకే కోర్ నడుమ వక్రీభవన గుణకం ఎక్కువగా, అంచుకు పోయేకొద్దీ తక్కువగా ఉంచుతారు. గుణకం తగ్గితే కాంతి వేగం పెరుగుతుంది.

తయారీలో ఒక పద్ధతి ఇది. తిరిగే సిలికా గొట్టంలోకి సిలికాన్, జెర్మేనియం టెట్రాక్లోరైడ్ ఆవిరులను, ఆక్సిజన్‌ను పంపి, బయటినుంచి మంట పెడతారు. లోపల పొరలు పొరలుగా గాజు పేరుకుంటుంది. పొరపొరకూ జెర్మేనియం పాలు పెంచుతారు. తర్వాత గొట్టాన్ని ఇంకా వేడిచేసి కడ్డీగా మూసేస్తారు. దాన్ని సుమారు 2000 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో మెత్తబరచి, ఎత్తయిన టవర్ నుంచి వెంట్రుకంత పోగుగా లాగి, వెంటనే ప్లాస్టిక్ పూత వేస్తారు.

కడ్డీలో పొర తప్పితే ఆ లోపం కిలోమీటర్ల పోగులోనూ ఉంటుంది. తర్వాత దిద్దలేం. మన చదువూ అంతే. ఇంటర్ ఫిజిక్స్, కెమిస్ట్రీ పొరలు సరిగా వేసుకుందాం. ఆ ఫ్యాక్టరీ గేటు మనకూ దూరం కాదు.