వాపు: శరీరమునకు కావలివాడు

మన గంజాం పల్లెలలో కాడి మోయు ఎద్దు మూపురముమీద అరచేతి వెడల్పున పుండును, దానిచుట్టు ముసరు ఈగలను మీలో కొందరైనను చూచియుందురు. అట్టి పల్లెలోనే అరుగుమీద, స్తంభమువలె ఉబ్బిన కాలు చాపుకొని కూర్చున్న వృద్ధుని గూడ చూచియుందురు. మొదటిది మూపుర పుండు. రెండవదానిని మనము బోదకాలందుము. ఒడియావారు గోదర యందురు. ఎద్దు పుండునకును మనిషి కాలికిని సంబంధమేమి? రెండును నూలు పోగులవంటి సన్నని పురుగుల వలన కలుగునవే. రెండింటిలోను మన కంటికి కనబడునది పురుగు కాదు; పురుగు చేసిన చెరుపును, దానిపై శరీరము సాగించిన పోరాటమును. ఆ పోరాటమునకు వైద్యశాస్త్రమున శోథమని పేరు, వాడుకలో వాపు. దానిని గూర్చియే ఈ పాఠము.

వాపు అననేమి?

క్రీస్తు శకము మొదటి శతాబ్దమున సెల్సస్ అను రోము దేశపు గ్రంథకర్త వాపునకు నాలుగు గుర్తులు చెప్పెను: ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి. తరువాతివారు ఐదవది చేర్చిరి: ఆ అవయవము తన పని చేయలేకపోవుట. మన బరంపురము పట్టుసాలీని అడిగిన ఈ ఐదవ గుర్తు ఎంత కఠినమో చెప్పును. కాలు వాచినవాడు మగ్గపు గుంటలో దిగి తొక్కలేడు. తొక్కనిచో నాటి కూలి లేదు. మన సుశ్రుతుడును వ్రణము కాబోవు వాపునకు ఆమము, పచ్యమానము, పక్వము అని మూడు దశలు చెప్పి, ఏ దశలో కత్తి పెట్టవలెనో, ఏ దశలో పెట్టరాదో తెలిసినవాడే శస్త్రవైద్యుడనెను.

కాలిలో ముల్లు విరిగినదనుకొనుడు. అచ్చటి రక్తనాళములు విప్పారును. అందుచే ఎరుపు, వేడి. నాళముల గోడలనుండి నీరు ఊరును. అందుచే ఉబ్బు, నొప్పి. ఆ వెనుక తెల్ల రక్తకణములు గుంపులుగా వచ్చి సూక్ష్మక్రిములను మ్రింగును. 1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనా పట్టణమున నక్షత్రచేప పిల్లకు ముల్లు గ్రుచ్చి, కణములు దానిచుట్టు చేరుటను సూక్ష్మదర్శినిలో చూచెను. ఆయనకు 1908లో నోబెల్ బహుమానము లభించినది.

అంతకు పూర్వమే లండనులో జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు, వాపు స్వయముగా రోగము కాదు, గాయమునకు శరీరము చెప్పు సమాధానమని వ్రాసెను. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1794లో అచ్చైనది. లండనులో 1791లో పశువైద్య కళాశాల ఏర్పడుటకు తోడ్పడినవారిలో ఆయనయు ఒకడు. పశువు శరీరము తెలియనివాడు మనిషి శరీరమును సరిగా తెలిసికొనలేడని ఆయన జీవితమే చాటుచున్నది.

కనుక వాపు కావలివాడు. అయితే దొంగ పోయిన తరువాతను కఱ్ఱ త్రిప్పుచునే యుండు కావలివాడు ఇంటిలోని కుండలనే పగులగొట్టును. చాలకాలము నిలిచిన వాపు చేయునదియు అదియే.

ఎద్దు మూపురము

మూపుర పుండు కాడి రాపిడి వలన కలుగునని రైతులు తలచుట కద్దు. కాని చర్మములోనే కాపురముండు స్టెఫనోఫైలేరియా అస్సామెన్సిస్ అను పురుగు దానికి కారణము. పాండేగారు దానిని 1936లో వర్ణించిరి. గేదెల చెవులపై పుండ్లు పుట్టించు దీని సోదరజాతిని 1958లో సింగ్‌గారు హైదరాబాదు గేదెలలో గుర్తించిరి. పుండుపై వ్రాలిన ఈగ, రసితోబాటు పురుగు పిల్లలను గ్రోలి, మరియొక పశువునకు మోసికొనిపోవును. శరీరము ఆ పురుగును వెడలగొట్టజూచును. అది లోపలనే యుండును. అందుచే చర్మము దళసరియై, పగిలి, రసి కారి, ఏండ్ల తరబడి మానదు.

దీనికి కాల్చిన ఇనుముతో వాత వేయుట కొందరి అలవాటు. వాత పురుగును చంపుట నిశ్చయము కాదు. పాత వాపునకు క్రొత్త వాపును జోడించుట మాత్రము నిశ్చయము. పుండును కడిగి, ఈగ వ్రాలకుండ కాచి, కాడినుండి విశ్రాంతి నిచ్చి, పశువైద్యుని చేత పురుగు మందు వేయించుటయే తగిన మార్గము.

మనిషి కాలు

బోదకాలు పురుగు చర్మమున గాక, శోషరసమును మోయు సన్నని నాళములలో నివసించును. దానిని మోయునది ఈగ కాదు, మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ. దాని పిల్లలు రాత్రివేళ రక్తములో తిరుగును. కనుకనే పరీక్షకు రక్తమును రాత్రి తీయుదురు. పెద్ద పురుగు బ్రతికియున్నంతకాలము రోగికి ఏమియు తెలియకపోవచ్చును. నాళము మాత్రము మెల్లగా సడలి, చెడిపోవుచుండును.

నాళములు చెడిన కాలికి మాటిమాటికి జ్వరముతో వాపు వచ్చుట మీరు వినియుందురు. ఇందులో పెక్కు మారులు దోషము పురుగుది కాదు; వ్రేళ్ల సందులలోని ఒరపులగుండ జొరబడిన సూక్ష్మక్రిములది. ప్రతి జ్వరమును కాలిని మరికొంత లావు చేయును. కనుక దినమునకొకసారి సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో వ్రేళ్ల సందులు తుడిచి, కూర్చున్నప్పుడు కాలిని ఎత్తుగా నుంచుట చాల మేలు చేయును. ఒక బకెట్టు నీరును, ఇంటిలో ఒకరి ఓపికయు చాలును. వరిబీజమునకు మాత్రము శస్త్రచికిత్స కలదు. సిగ్గుపడి ఏండ్ల తరబడి దాచుకొనవలసిన పని లేదు. శస్త్రము జరిగిన మొదటి దినములలో కోత చుట్టు కొంత వాపు సహజము. దినదినము తగ్గక పెరిగినను, చీము పట్టినను, జ్వరము వచ్చినను వైద్యునికి వెంటనే చూపవలెను.

మాత్రల కథ

భీమవరమున 1895లో జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిరి. అచ్చటినుండియే 1947లో హెట్రజాన్ అను మందు వెలువడినది. డి.ఇ.సి. మాత్ర అని నేడు పిలుచునది అదియే. 1949 మొదలు 1954 వరకు ఒడిశాలో, అనగా నాటి ఒరిస్సాలో, బోదవ్యాధి నివారణకు ప్రయోగాత్మక పథకము నడచినది. 1955లో అది జాతీయ కార్యక్రమమైనది. 2004 నుండి వ్యాధి యున్న జిల్లాలలో ఏటేట సామూహికముగా మందు మ్రింగించు పద్ధతి వచ్చినది. డి.ఇ.సి.తో ఇచ్చు ఆల్బెండజోల్ మొదట పశువుల పురుగులకై కనుగొన్న మందు. 2018 నుండి కొన్ని జిల్లాలలో చేర్చుచున్న ఐవర్‌మెక్టిన్ గూడ పశువుల శాలనుండి మనిషి యింటికి వచ్చినదే.

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట మాత్రలు మ్రింగిన రాత్రి మా విద్యార్థులలో ముగ్గురికి జ్వరము, తలనొప్పి వచ్చినవి. మరునాడు తలిదండ్రులు బడి వాకిట నిలిచి మమ్ము నిలదీసిరి. మేము బెదిరి, ఆ మీదటి ఏడు ఇష్టమున్నవారే మ్రింగవచ్చునని ప్రకటించితిమి. సగముమంది మ్రింగలేదు. తరువాత ఒక వైద్యుని కలిసి ఈ సంగతి చెప్పగా ఆయన, జ్వరము రానివారిని గూర్చి గాదు, వచ్చిన ఆ ముగ్గురిని గూర్చియే ఆలోచింపుమనెను. రక్తములోని పురుగు పిల్లలు మందు తగిలి ఒక్కసారి చచ్చినప్పుడు, ఆ కళేబరములపై శరీరము వాపు పుట్టించును. దానివలన జ్వరము వచ్చును. అనగా పైకి ఆరోగ్యముగా ఆడుకొనుచుండిన ఆ పిల్లల రక్తములో పురుగు పిల్లలు ఉండియుండవలెను. అందరికంటె మాత్ర అవసరమైనవారు వారే. మేము భయపడినది ఆ కావలివాని కేకకు.

ఈ జ్వరము సాధారణముగా రెండు మూడు దినములలో తగ్గును. అయినను బాధ ఎక్కువైనచో ఆరోగ్య కార్యకర్తకు వెంటనే తెలుపవలెను. పరగడుపున మాత్ర మ్రింగరాదు. రెండేండ్లలోపు శిశువులకును, గర్భవతులకును, తీవ్రరోగులకును ఈయరాదు. ఒక్క ఏడు మ్రింగి మానరాదు. పెద్ద పురుగు ఏండ్ల తరబడి బ్రతుకును గనుక ఏటేట మ్రింగవలెను.

విద్యార్థులారా! మీ యింట ఎద్దు మూపురముపై పుండున్న వాతకు అడ్డుపడుడు. మీ వీధిలో కాలు వాచినవారున్న నవ్వక, కాలు కడుగు విధము నేర్పుడు. మాత్ర మీ చేతికి వచ్చినప్పుడు మీరు మ్రింగి, మీ పెద్దలచే మ్రింగింపుడు. ఆ రాత్రి ఎవరికైన జ్వరము వచ్చిన, అది ఎందులకు వచ్చెనో వారికి వివరింపుడు. నాడు మేము బడి వాకిట చెప్పలేకపోయిన సమాధానమును మీరు మీ యింటి వాకిట చెప్పగలిగిన, ఈ పాఠము సార్థకము.