ఐదు వందలిచ్చి పడుకునే గది

అల్లుడూ,

ఈ రెండో శనివారం మీ నలుగురు స్నేహితులూ సంగారెడ్డి పాత జైల్లో ఒక రాత్రి ఉండి రావాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ‘పైసలిచ్చి జైలుకు పోవుడేందన్నా’ అని ఒకటే గాబరా. పోనివ్వమని నేనే అన్నాను. వెళ్లే ముందు మాత్రం ఈ ఉత్తరం చదువు.

ఆ జైలు 1796 నాటిది, రెండో నిజాం కాలంలో కట్టింది. 2012లో ఖైదీలను కందిలోని కొత్త జైలుకు మార్చారు. పాతదాన్ని కూల్చకుండా బాగుచేసి 2016లో మ్యూజియంగా తెరిచారు. మన దగ్గర పాత కట్టడమంటే ఎప్పుడు పడగొట్టి షాపులు కడదామా అని చూసేవాళ్లే ఎక్కువ. ఆ లెక్కన అది ఎంతో గొప్ప పని. ‘ఫీల్ ద జైల్’ అని పేరు పెట్టి, 500 రూపాయలు కడితే 24 గంటలు ఉండనిచ్చే పద్ధతి కూడా అప్పుడే మొదలుపెట్టారు. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్లెం, గ్లాసు, పడక వాళ్లే ఇచ్చేవాళ్లు. తిండీ జైలు తిండే. ఫోన్ బయటే వదిలెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు ఉంచుతున్నారో లేదో ముందే కనుక్కుని బయలుదేరు.

నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ జైలు గేటు దగ్గర నేను రెండుసార్లు నిలబడ్డాను. పటాన్‌చెరులో నేను పనిచేసిన కంపెనీలో బోనస్ దగ్గర గొడవైంది. నాతో సెకండ్ షిఫ్టులో ఉండే ఒకతన్ని పోలీసులు పట్టుకుపోయారు. గేటు మీటింగులో ముందు వరసలో నిలబడటమే అతను చేసిన తప్పు. పదహారు రోజులు అక్కడే ఉన్నాడు. తర్వాత కేసు కొట్టేశారు. ములాఖత్‌కు వెళ్తే జాలీ అవతల నిలబడి, ఇంటి సంగతి అడగలేదు, కంపెనీ సంగతి అడగలేదు. ‘ఇయ్యాల ఏం వారం?’ అన్నాడు. బేస్తవారం అని చెప్పాను. నాలుగు వేళ్లు ఒక్కొక్కటే ముడిచి లెక్కపెట్టుకున్నాడు.

మ్యూజియం అయ్యాక నేనూ ఒక రాత్రి ఉండి వచ్చాను. తలుపు ఇనుప గడియ పడ్డ చప్పుడుకు గుండె ఝల్లుమంది. డబ్బు కట్టినవాణ్ని, తెల్లారితే వెళ్లిపోయేవాణ్ని, నాకే అలా అయింది. ఎన్నాళ్లుండాలో తెలియనివాడికి ఆ చప్పుడు ఎలా వినిపించి ఉంటుందోనని తెల్లవార్లూ కన్ను మూతపడలేదు.

అందుకే చెబుతున్నా, ఆ ఖద్దరు బట్టలేసుకుని ఊచలు పట్టుకుని వేషాలు వెయ్యొద్దు. ఆ గదిలో ఎవరి కొడుకో, ఎవరి మొగుడో రోజులు లెక్కపెట్టుకున్నాడు. చీకటి పడకముందే మ్యూజియం అంతా నిదానంగా తిరగండి. అక్కడి సిబ్బందిలో పాతవాళ్లెవరైనా కనిపిస్తే అన్నా అని పలకరించి కూర్చోబెట్టుకోండి, బోర్డు మీద లేనివి వాళ్లు చెబుతారు. ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కోండి, ఎవరి గది వాళ్లు ఊడ్చుకోండి. మొక్క నాటమంటే మనసు పెట్టి నాటండి. రాత్రి పేకాట, పాటలు వద్దు. కనీసం రెండు గంటలు ఎవరూ మాట్లాడకుండా పడుకోండి. పాత జైల్లో ఉండటమంటే నా దృష్టిలో ఆ రెండు గంటలే, మిగతాదంతా చూసి రావడం.

ఇంకో మాట. నువ్వు చదివే ఐఐటీ ఉన్నది కందిలోనే, కొత్త జైలు ఉన్నదీ కందిలోనే. నువ్వు బస్సు ఎక్కేచోట, చేతిలో పళ్ల సంచితో ములాఖత్‌కు వచ్చిన ముసలమ్మ దారి అడిగితే, తొందర పడకుండా తోడు వెళ్లి చూపించు.

ఆదివారం పగటి భోజనానికి ఇంటికి రా. మీ అత్త పచ్చిపులుసు చేస్తానంది. ఆ షిఫ్టు మిత్రుణ్ని కూడా పిలిచాను. జైలు సంగతి నువ్వు ఎత్తకు. తనంతట తాను చెబితే మాత్రం, చెయ్యి కడుక్కోకుండానే కూర్చుని విను.

మీ మామయ్య