శరణు వచ్చిన శునకము

కుక్క విశ్వాసము గల జంతువని తెలుగునాట పసిబిడ్డ మొదలు పండు ముదుసలి వరకు ఎల్లరును చెప్పుదురు. పిడికెడు అన్నము పెట్టినవానిని అది బ్రతికినంత కాలము మరువదందురు. ఈ మాట నిజమే. కాని విశ్వాసమను పదమునకు రెండర్థములు కలవు. పెట్టిన చేతిని మరువకుండుట ఒకటి. ఎదుటివానివలన తనకు కీడు కలుగదని నమ్ముట మరియొకటి. మొదటిది కుక్క మనుష్యునకు చూపునది. రెండవది మనుష్యుడు కుక్కవద్ద సంపాదించుకొనవలసినది. దెబ్బలు తిని, దిక్కుమాలి, భయముతో ఇంటికి వచ్చిన కుక్క విషయమున రెండవది లేనిదే మొదటిది కలుగదు.

మహాభారతమున ఆదిపర్వమునందు సరమ కథ కలదు. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా, సరమ యను దేవశునకము కుమారుడైన సారమేయుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములైన శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ కుక్కపిల్లను కొట్టిరి. అది ఏడ్చుచు పోయి, తాను హవిస్సును నాకలేదనియు, కన్నెత్తి చూడనైన లేదనియు తల్లితో మొరపెట్టుకొనెను. సరమ యాగశాలకు వచ్చి, నిరపరాధిని కొట్టినందులకు ఫలముగా తలవని తలంపుగా భయము కలుగునని పలికి పోయెను. రాజు మిక్కిలి కలత చెందెను. ఈ కథను నన్నయభట్టు తెలుగున రచించెను. సరమ చెప్పిన భయమెట్టిదో దెబ్బలు తిన్న కుక్క ప్రతిదినము అనుభవించుచుండును. ఎప్పుడు, ఎచటినుండి, ఎందులకు వచ్చునో తెలియని భయమది. కారణము లేక జంతువును హింసించుట మన దేశమున 1960వ సంవత్సరపు చట్టము ననుసరించి నేరము కూడ.

కొట్టువారు లేకున్నను ఇట్టి భయము కలుగుట కలదు. కోనసీమ గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠ, వైనతేయల నడుమ నున్న పచ్చని సీమ. ఆ పాయలయందు లంకగ్రామములు అనేకము కలవు. 1986వ సంవత్సరము ఆగస్టు మాసమునను, 2022వ సంవత్సరము జులై మాసమునను గోదావరి పొంగి లంకలను ముంచెత్తినది. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫాను కొబ్బరితోటలను నేలకూల్చినది. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 17.75 అడుగులు చేరగనే మూడవ ప్రమాద హెచ్చరిక వెలువడును. అప్పుడు జనులు బిడ్డలతో, మూటలతో పడవలెక్కుదురు. పశువులను ఏటిగట్టుపైకి తోలుదురు. కుక్క వెనుకబడుట సులభము. ఇల్లు మునిగి, యజమానుడు కానరాక, కనబడినవారెల్ల అదలించి తరుమగా, అది ఎవ్వరిని నమ్మవలెనో ఎరుగకపోవును. అట్టి కుక్క నొకదానిని అమలాపురమందలి ఒక కుటుంబమువారు దయతో ఇంటికి తెచ్చినారని ఊహింపుడు.

మొదటి దినమున ఆ కుక్క మంచము క్రింద దూరి మూలకు ఒదిగియుండును. తోకను కాళ్ల సందున ముడుచును, చెవులను వెనుకకు వాల్చును, అన్నము ముట్టదు. ఎవరైన సమీపించినచో తల ప్రక్కకు త్రిప్పుకొని పెదవులు నాకుకొనును. నిద్ర రాకున్నను ఆవులించును. తెల్లగ్రుడ్డు కనబడునట్లు క్రీగంట చూచును. ఇవన్నియు భయచిహ్నములు. ఇంటివారు ఇది తెలియక, "ఇంత ఆదరించినను దగ్గరకు రాదేమి?" అని చిన్నబుచ్చుకొందురు. పిల్లలు జాలితో దానిని బయటకు లాగి కౌగిలించుకొనబోదురు. ఆ జాలియే దానికి కొత్త భయమగును. పారిపోవుటకు దారిలేక చిక్కిన ప్రాణికి కౌగిలియు కట్టువంటిదే కదా!

అప్పుడు కుక్క గుర్రుమనవచ్చును. "దూరముగా నుండుడు" అని చెప్పుటకు దానికి గల మాట అదియొక్కటే. అందులకు దానిని కొట్టినచో భయము పోదు. హెచ్చరించుట మాత్రము మానివేయును. మరునాడు హెచ్చరిక లేకయే కరచును. కరచిన కుక్కకు ఊరిలో నిలువ నీడ దొరకదు. కావున గుర్రుమనినపుడు మెల్లగా వెనుకకు జరుగుటయే బుద్ధిమంతుల పని.

భయపడిన కుక్కకు మొదట కావలసినవి మూడు: తనదైన చోటు, తప్పని వేళ, తొందర లేని మనుష్యులు. జనసంచారము లేని ఒక మూల గోనెసంచి పరచి, ప్రక్కను నీళ్ల మూకుడుంచవలెను. ఆ మూలలో నున్నంతసేపు దాని నెవ్వరును కదలింపరాదు. ప్రతిదినము ఒకే వేళకు అన్నము పెట్టి దూరముగా పోవలెను. ఉల్లిపాయలు వేసిన పులుసు, ద్రాక్షపండ్లు, చాక్లెట్లు కుక్కలకు విషతుల్యములు గావున పెట్టరాదు. చేపముక్కలనుండి ముండ్లు తీసివేయవలెను. దొడ్డిదడిలో సందులున్న పూడ్చవలెను. బయటకు తీసికొనిపోవునపుడు మెడపట్టీ, గొలుసు తప్పనిసరి. బెదరి పరుగెత్తిన కుక్క కొత్త ఊరిలో తిరిగి ఇల్లు చేరజాలదు.

చోటు కుదిరిన పిమ్మట చెలిమి ఆరంభము కావలెను. బాలలు ఈ పనిని పెద్దలకంటె చక్కగా చేయగలరు. పెద్దవారి అనుమతితో ఒక్కరు మాత్రమే పోయి, కుక్కకు అల్లంత దూరమున, దానివైపు తేరి చూడక, ప్రక్కకు తిరిగి కూర్చుండవలెను. చేతిలో పాఠ్యపుస్తకముంచుకొని మెల్లగా చదువుకొనవలెను. ఆ పాఠము కుక్కకు అర్థము కాదు; ఆ గొంతులో కోపము లేదని మాత్రము అర్థమగును. నడుమ నడుమ ఒక ముద్దను దానివైపు విసరవలెను. నేడు ముద్ద పడిన చోటికి తలచాచిన కుక్క కొన్నాళ్లకు ఒక అడుగు వేయును. మరి కొన్నాళ్లకు చేతిని వాసన చూచును. ఆ అడుగును అది తనంతట తానే వేయవలెను. లాగి వేయించిన అడుగు లెక్కకు రాదు. అది చేరవచ్చినపుడు కూడ తలపై చేయి వేయక, మెడక్రిందనో ఎదురురొమ్మునో మెల్లగా నిమురవలెను.

ఇక శబ్దముల సంగతి. మనుష్యుడు సెకనునకు సుమారు 20,000 కంపనముల వరకు గల ధ్వనులను వినగలడు. కుక్క సుమారు 45,000 వరకు వినగలదు. కావున మనకు తెలియని ధ్వనులు కూడ దానిని బెదరించును. కోనసీమలో దింపు జరుగునపుడు కొబ్బరికాయలు ధబ్బున పడుచుండును. రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ ఆహారమునకు ముందు ఒక శబ్దమును పలుమారు వినిపింపగా, తరువాత ఆ శబ్దమునకే కుక్కనోట లాలాజలము ఊరుటను కనుగొనెను. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనలకు ఆయన 1904లో నోబెల్ బహుమానము పొందెను. ఆ సూత్రమే ఇచటను పనికివచ్చును. మొదట చాల దూరమున, వినీవినబడనట్లు, ఒక కాయను పడవేసి వెంటనే కుక్కకు ఇష్టమైన ముద్దను పెట్టవలెను. అది బెదరకున్నచో క్రమక్రమముగా దగ్గర చేయవలెను. బెదరినచో మరల దూరమునకు పోవలెను. కొన్నాళ్లకు కాయ పడు చప్పుడు ముద్దకు పిలుపగును. కాని డప్పులతో, బాణసంచాతో సాగు జగ్గన్నతోట ప్రభల తీర్థమువంటి ఉత్సవములకు దానిని కొనిపోరాదు. కనుమనాడును, దీపావళినాడును తలుపులు మూసిన గదిలో దానికి తోడుగా ఒకరుండుట మేలు.

దయతోపాటు జాగ్రత్తయు వలయును. ఇల్లు చేరగనే కుక్కను పశువైద్యునకు చూపి, రేబిస్ వ్యాధి రాకుండ టీకా వేయింపవలెను. ఒకవేళ కుక్క కరచినను, గోటితో గీరినను, ఆ గాయమును 15 నిమిషములసేపు సబ్బుతో, పారు నీటితో కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఈ వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతుకుట దుర్లభము. లక్షణములు పొడసూపకముందే వైద్యుడు చెప్పినట్లు టీకాలు వేయించుకొనుటయే రక్షణ. 1885లో ఫ్రాన్సుదేశమున లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టరను బాలునికి ఇట్టి టీకా వేయించి కాపాడెను. తెలియని కుక్కను బాలలు ఒంటరిగా సమీపింపరాదు, పెద్దలకు తెలుపవలెను.

కుక్కకు బెదురు తగ్గుటకు 3 దినములు, ఇంటి పద్ధతి తెలియుటకు 3 వారములు, ఇల్లు తనదనుకొనుటకు 3 మాసములు పట్టునని కుక్కలను సాకువారు చెప్పుదురు. ఇది స్థూలమైన లెక్క మాత్రమే. కొన్నిటికి సంవత్సరము పట్టును. కొన్నిటికి కర్ర చూచినప్పటి వణకు ఎన్నటికిని పోదు. అయినను కర్ర పట్టినవాడెవ్వడో చూచి, ఇంటివాడని గుర్తించి, పారిపోక నిలిచినచో చాలును. భయము ఉన్నను నిలిచినది కావున ఆ నమ్మకమునకు విలువ యెక్కువ.

మహాప్రస్థానిక పర్వమున, వెంటవచ్చిన కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడు ధర్మరాజుతో పలికెను. భయపడినదానిని, నమ్మినదానిని, వేరు దిక్కులేనిదానిని విడువజాలనని ధర్మరాజు బదులు చెప్పెను. భారతమునకు మొదట కుక్కను కొట్టిన రాజకుమారులు కలరు. తుదను కుక్క కొరకు స్వర్గమునే వలదన్న రాజు కలడు. వరద తీసిన పిమ్మట గట్టుపై నిలిచిన కుక్కకు, వచ్చువారు వీరిలో ఎవరివంటివారో తెలియదు. అందుచేతనే అది దూరముగా నిలిచి చూచును. దానికి చూచుకొనుటకు కావలసినంత వ్యవధి ఇచ్చుటయే దయకు మొదటి మెట్టు.