వాడకపోయినా ఖాళీ అయ్యే బ్యాటరీ

శామీర్‌పేట చెరువు గట్టు మీద మీరెప్పుడైనా నిలబడ్డారా? వానాకాలం చివర నిండుగా ఉన్న చెరువు వేసవి వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. తూము గట్టిగా మూసి ఉంచినా సరే, నీటిమట్టం దిగక మానదు. ఎందుకని? కొంత నీరు ఎండకు ఆవిరైపోతుంది. కొంత నేలలోకి ఇంకిపోతుంది.

చెరువుకు ఇంకొక నష్టం కూడా ఉంది. ఏటేటా వరదనీటితో వచ్చిన మట్టి అడుగున పేరుకుంటుంది. దానినే పూడిక అంటాం. ఆవిరైన నీటిని వచ్చే ఏటి వాన తిరిగి నింపుతుంది. కాని పూడిక ఆక్రమించిన చోటును ఏ వానా తిరిగి ఇవ్వదు. ఈ రెండు నష్టాలనూ గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి మన పాఠమంతా వీటి మీదనే ఆధారపడి ఉంది.

ఇప్పుడు మేడ్చల్‌లో ఒక ఇంటిని ఊహించుకుందాం. పరీక్షలు అయిపోగానే ఇంటిల్లిపాదీ తాళం వేసి అమ్మమ్మగారి ఊరు వెళ్ళారు. రేకుల షెడ్డులో స్కూటరు ఉంది. బల్ల సొరుగులో టార్చిలైటు ఉంది. అందులో చార్జి చేసుకుని మళ్ళీ మళ్ళీ వాడే పెన్సిల్ సెల్స్ ఉన్నాయి. బీరువాలో పూర్తిగా చార్జి చేసి, ఆపేసి పెట్టిన పాత సెల్‌ఫోను ఉంది. రెండు నెలల తరువాత, బడులు తెరిచే వేళకు వాళ్ళు తిరిగి వచ్చారు. స్కూటరు మీట నొక్కితే 'టిక్కు'మని ఊరుకుంది. టార్చి మిణుకు మిణుకుమంది. ఫోను మాత్రం చక్కగా పలికింది.

ఎవరూ ముట్టుకోలేదు కదా! మరి స్కూటరు చార్జినీ, టార్చి చార్జినీ ఎవరు తిన్నారు? ఫోను నిజంగా ఏ నష్టమూ లేకుండా బయటపడిందా?

ఘటం నిద్రపోదు

బ్యాటరీలో విద్యుత్తు నీళ్ళలా నిలవ ఉండదు. అక్కడ నిలవ ఉండేవి రసాయన పదార్థాలు. ధనధ్రువం దగ్గర ఒకటి, ఋణధ్రువం దగ్గర ఒకటి, రెంటి మధ్యా విద్యుద్విశ్లేష్య ద్రవం. తీగ కలిపితే ఎలక్ట్రానులు బయటి దారిన ప్రవహిస్తాయి, లోపల రసాయన చర్య జరుగుతుంది. తీగ తీసేస్తే బయటి దారి మూసుకుంటుంది. అంటే తూము మూశామన్న మాట. కాని లోపల ఆ పదార్థాలు ద్రవాన్ని తాకుతూనే ఉంటాయి. అక్కడ చిన్న చిన్న చర్యలు ఆగకుండా నెమ్మదిగా సాగుతూనే ఉంటాయి. ఇలా తనంతట తాను ఖాళీ కావడాన్ని 'స్వయం ఉత్సర్గం' అంటారు. ఇది మన చెరువులో ఆవిరి, ఇంకుడు లాంటిది. మళ్ళీ చార్జి చేస్తే ఈ నష్టం తీరుతుంది.

బ్యాటరీ పట్టే మొత్తమే శాశ్వతంగా తగ్గిపోవడం రెండో నష్టం. అది పూడిక లాంటిది. ఏ రకం బ్యాటరీలో ఏ నష్టం ఎక్కువో తెలిస్తే, దానిని ఎలా భద్రపరచాలో తెలుస్తుంది.

సీసం బ్యాటరీ: నిండుగా ఉంచాలి

స్కూటరులో ఉన్నది సీసం-ఆమ్లం బ్యాటరీ. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే దీనిని కనిపెట్టాడు. ధనపలక మీద లెడ్ డయాక్సైడు, ఋణపలక మీద మెత్తని సీసం, మధ్యన సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. చార్జి ఖర్చవుతుంటే రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. వాడకపోయినా సీసం ఆమ్లంతో మెల్లగా చర్య జరిపి కొంచెం హైడ్రోజన్ వదులుతూ లెడ్ సల్ఫేట్‌గా మారుతూనే ఉంటుంది.

కొత్తగా ఏర్పడిన లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు చాలా సన్నగా ఉంటాయి. వెంటనే చార్జి చేస్తే అవి తిరిగి సీసంగా, డయాక్సైడుగా మారిపోతాయి. కాని బ్యాటరీని ఖాళీగా నెలల తరబడి వదిలేస్తే ఆ స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. ఆ తరువాత ఎంత చార్జి చేసినా కరగవు. చూశారా, ఆవిరి నష్టమే పూడిక నష్టంగా మారింది! అందుకే సీసం బ్యాటరీని ఎప్పుడూ నిండా చార్జి చేసి దాచాలి. రెండు మూడు నెలలకొకసారి మళ్ళీ చార్జి చేయాలి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, తీగలు తీసి కొలిస్తే సుమారు 12.6 లేక 12.7 వోల్టులు చూపుతుంది. 12.4కు దిగిందంటే చార్జి చేయవలసిన వేళ వచ్చినట్లే.

నికెల్ బ్యాటరీ: శామీర్‌పేట సంగతి

1899లో స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ మరో రకం కనిపెట్టాడు. అందులో ఆమ్లం బదులు క్షారం, అంటే పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణం ఉంటుంది. ఒక పలక నికెల్ సమ్మేళనం, రెండోది కాడ్మియం. ఈ నికెల్-కాడ్మియం బ్యాటరీలను తయారుచేసే కార్ఖానా మన శామీర్‌పేటలోనే ఉంది. 1977లో హైదరాబాద్‌లో మొదలైన హెచ్.బి.ఎల్. సంస్థది ఆ కార్ఖానా. ఒకప్పుడు ఈ సంస్థ పేరులో 'నైఫ్' అనే మాట కూడా ఉండేది. యుంగ్నర్ వారసత్వంగా స్వీడన్ బ్యాటరీలకు వచ్చిన పేరు అది. నికెల్ సంకేతాన్నీ, ఇనుము సంకేతాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ మాట వస్తుంది.

నికెల్ బ్యాటరీలు చార్జిని తొందరగా పోగొట్టుకుంటాయి. మూసి ఉన్న చిన్న నికెల్-కాడ్మియం సెల్ చార్జి చేసిన మొదటి రోజునే సుమారు 10 శాతం కోల్పోతుంది. ఆ తరువాత నెలకు మరో 10 శాతం చొప్పున తగ్గుతుంది. చార్జి ఎక్కిన నికెల్ సమ్మేళనం నీటిలో నిలకడగా ఉండలేక మెల్లగా ఆక్సిజన్ వదలడం ఇందుకు ఒక కారణం. మన టార్చిలో ఉన్న నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్స్ వీటికి దగ్గరి చుట్టాలే. వాటిలో పాత రకాలు నెలకు 20 నుంచి 30 శాతం పోగొట్టుకుంటాయి. టార్చి ఎందుకు మిణుకుమందో ఇప్పుడు తెలిసింది కదా! 2005లో జపాన్‌కు చెందిన సాన్యో సంస్థ ఈ లోపాన్ని చాలావరకు సవరించింది. తన కొత్త సెల్స్ ఏడాది తరువాత కూడా సుమారు 85 శాతం చార్జిని నిలుపుకుంటాయని ప్రకటించింది.

ఇంత తొందరగా కారిపోయే బ్యాటరీని ఎవరు కోరుకుంటారు? ఇక్కడే అసలు విషయం ఉంది. నికెల్-కాడ్మియంలో ఆవిరి నష్టం ఎక్కువ, పూడిక నష్టం తక్కువ. క్షారం పలకలను తినేయదు. సీసం బ్యాటరీలో లాగా గట్టి సల్ఫేట్ పేరుకోదు. పూర్తిగా ఖాళీ చేసి ఏళ్ళ తరబడి దాచినా, తిరిగి చార్జి చేస్తే పనిచేస్తుంది. సన్నని చిల్లులున్న ఉక్కు రేకు సంచుల్లో పదార్థాన్ని కూరి చేసే పెద్ద బ్యాటరీలు మంచి సంరక్షణలో 20 ఏళ్ళు దాటి కూడా సేవ చేస్తాయి.

రైళ్ళలో, విద్యుత్ సబ్‌స్టేషన్లలో బ్యాటరీ పని ఏమిటో ఆలోచించండి. రోజూ కరెంటు ఇవ్వడం కాదు. కరెంటు పోయిన ఆ ఒక్క క్షణం కోసం కాచుకుని ఉండటం. ఆ క్షణాన అది మొండికేస్తే మనుషుల ప్రాణాల మీదకు వస్తుంది. అందుకని అలాంటి చోట బ్యాటరీకి ఎప్పుడూ సన్నగా చార్జి అందిస్తూ ఉంటారు. చెరువు ఎంత ఇంకితే అంత నీటిని పిల్లకాలువ తెచ్చి పోస్తున్నట్లన్న మాట. అప్పుడు ఆవిరి నష్టం లెక్కలోకి రాదు. పూడిక తక్కువగా ఉండటమే ముఖ్యమవుతుంది.

లిథియం బ్యాటరీ: సగం నింపి ఉంచాలి

సెల్‌ఫోనులో ఉండేది లిథియం-అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ సంస్థ దీనిని అంగడికి తెచ్చింది. దీని వెనుక కృషి చేసిన గుడ్ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది నెలకు రెండు మూడు శాతానికి మించి చార్జి పోగొట్టుకోదు. అందుకే మన ఫోను చక్కగా పలికింది.

కాని దీని కథ నికెల్ కథకు తలకిందులు. దీనిలో ఆవిరి తక్కువ, పూడిక ఎక్కువ! ఋణధ్రువంలోని గ్రాఫైటు మీద ఒక సన్నని పొర ఏర్పడుతుంది. కాలం గడిచేకొద్దీ ఆ పొర మందమవుతూ కొంత లిథియాన్ని తనలో బంధించేస్తుంది. ఆ లిథియం ఇక పనికిరాదు. చార్జి నిండుగా ఉన్నా, వేడి ఎక్కువగా ఉన్నా ఈ పూడిక తొందరగా పెరుగుతుంది. సుమారు 40 శాతం చార్జితో 25 డిగ్రీల దగ్గర ఏడాది దాస్తే బ్యాటరీ తన శక్తిలో దాదాపు 4 శాతం కోల్పోవచ్చు. అదే నిండా చార్జి చేసి 40 డిగ్రీల దగ్గర దాస్తే సుమారు 35 శాతం పోవచ్చు. అంటే మన ఫోనుకు బయటికి కనిపించని నష్టమే జరిగింది. అలాగని పూర్తిగా ఖాళీ చేసి దాచకూడదు. మరీ దిగిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలై, తిరిగి చార్జి చేసినప్పుడు ప్రమాదం కావచ్చు. సగానికి దగ్గరగా ఉంచడమే మేలు.

ఎండతో ఒక లెక్క

రసాయన చర్యలు వేడికి వేగం పుంజుకుంటాయి. స్వయం ఉత్సర్గం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు సూత్రం ఉంది. ఒక సీసం బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర నెలకు 4 శాతం పోగొట్టుకుంటుందని అనుకుందాం. అప్పుడు 35 డిగ్రీల దగ్గర 8 శాతం, 45 డిగ్రీల దగ్గర 16 శాతం పోతుంది. మూడు నెలల తరువాత ఎంత మిగులుతుంది?

25 డిగ్రీల దగ్గర: 0.96ను మూడుసార్లు గుణిస్తే సుమారు 88 శాతం.
35 డిగ్రీల దగ్గర: 0.92ను మూడుసార్లు గుణిస్తే సుమారు 78 శాతం.
45 డిగ్రీల దగ్గర: 0.84ను మూడుసార్లు గుణిస్తే సుమారు 59 శాతం.

మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు ఎంత కాగుతుందో మీకు చెప్పనక్కర లేదు. స్కూటరును అక్కడ కాకుండా ఇంటి లోపలి గదిలో ఉంచితే ఎంత లాభమో చూశారా! బండిలో గడియారం, అలారం లాంటివి ఉంటే అవి కూడా కొంచెం కొంచెంగా చార్జిని తాగుతుంటాయి. అందుకని ఋణధ్రువం తీగను ఊడదీయించడం మంచిది.

బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే చార్జి నేలలోకి దిగిపోతుందని, కింద చెక్క పెట్టాలని కొందరు అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలలో నుంచి విద్యుత్తు నేలలోకి పోదు. అయితే మూత మీద ఆమ్లపు తడి, దుమ్ము పేరుకుంటే రెండు ధ్రువాల మధ్యా సన్నని దారి ఏర్పడుతుంది. తుడవవలసింది అది!

అన్నిటికన్నా మంచి ఉపాయం

చార్జి అసలు పోకుండా ఏళ్ళ తరబడి దాచే మార్గం ఏదైనా ఉందా? ఉంది. పదార్థాలనూ ద్రవాన్నీ కలవనీయకపోవడమే! నౌకాదళం వాడే టార్పెడో ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి, ఒకే ఒక్కసారి కొన్ని నిమిషాల పాటు పెద్ద శక్తితో పరుగెత్తాలి. ఇందుకు వెండి-జింకు బ్యాటరీలు వాడతారు. మనం చెప్పుకున్న హెచ్.బి.ఎల్. సంస్థ ఇలాంటివి కూడా తయారుచేస్తుంది. ఈ రకంలో పలకలు పొడిగా ఒకచోట, క్షారద్రావణం వేరే పాత్రలో ఉంటాయి. వదిలే సమయానికి ద్రావణం పలకల మీదికి చేరుతుంది, బ్యాటరీకి ప్రాణం వస్తుంది. నీరే లేని చెరువులో ఆవిరయ్యేదేముంది?

మీరే చేసి చూడండి

కావలసినవి: ఒకే రకం నికెల్-మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్స్ నాలుగు, చార్జరు, 2.5 వోల్టుల టార్చి బల్బు, మల్టీమీటరు, గడియారం. మీ సైన్సు మాస్టారు దగ్గర ఉండగా చేయండి.

నాలుగింటినీ నిండా చార్జి చేయండి. రెండు సెల్స్‌ను వరుసగా బల్బుకు కలపండి. ఒక్కొక్క సెల్ 1 వోల్టుకు దిగగానే బల్బు తీసేసి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మిగిలిన రెండింటినీ ముట్టుకోకుండా 30 రోజులు దాచి, మళ్ళీ చార్జి చేయకుండానే అదే బల్బుతో అలాగే కొలవండి. మొదటి జత 400 నిమిషాలు, రెండో జత 320 నిమిషాలు వెలిగించాయనుకోండి. 80 నిమిషాలు తగ్గాయి, అంటే 20 శాతం స్వయం ఉత్సర్గం. ఈ ప్రయోగం లిథియం సెల్స్‌తో ఎన్నడూ చేయకండి.

పాడైన బ్యాటరీలను చెత్తకుండీలో వేయకండి. సీసం, కాడ్మియం రెండూ విషపదార్థాలే. అవి మట్టిలో కలిస్తే చివరకు చెరువులోకే చేరతాయి. 2022లో మన దేశంలో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. వాటిని సేకరణ కేంద్రానికో, తిరిగి తీసుకునే దుకాణానికో ఇవ్వండి.

ఆలోచించి జవాబు రాయండి

1. ఒక రైతు పంపుసెట్టు సీసం బ్యాటరీని ఖాళీగా ఆరు నెలలు వదిలేశాడు. ఎంత చార్జి చేసినా అది పుంజుకోలేదు. ఎందుకు?
2. ఏడాదికొకసారి మాత్రమే వాడే టార్చికి మీరు ఏ రకం సెల్స్ ఎంచుకుంటారు? కారణం చెప్పండి.
3. ఈ వేసవిలో మీ ఇంటికి తాళం వేసే ముందు స్కూటరు, టార్చి, ఫోను బ్యాటరీలలో దేనిని నిండుగా, దేనిని సగానికి ఉంచుతారు? ఎక్కడ పెడతారు? ఒక పట్టికగా రాసి ఇంట్లో గోడకు అంటించండి.