ఆటలోకి రాజకీయం ఎవరు తెచ్చారు?

మొన్న ఆదివారం ఎత్తిపోతల జలపాతం దగ్గర మా బ్యాచ్‌లో ఒకటే వాదన: ఫుట్‌బాల్ కోచ్ రాజకీయాలు మాట్లాడొచ్చా? 2018లో మాంచెస్టర్ సిటీ మేనేజర్ గార్డియోలా, జైల్లో ఉన్న కాటలోనియా నాయకులకు మద్దతుగా పసుపు రిబ్బన్ పెట్టుకున్నాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 20,000 పౌండ్ల జరిమానా వేసింది. "ఆట ఆడించక ఆయనకెందుకురా ఇవన్నీ?" అన్నాడు మాచర్ల ఫ్రెండ్. నేనూ తలూపాను.

హాస్టల్‌కొచ్చాక మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తొచ్చారు. 1962 జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. భారతీయుడైన క్రీడా నిర్వాహకుడు జి.డి. సోంధి దాన్ని తప్పుపట్టారు. కోపంతో అక్కడి జనం మన రాయబార కార్యాలయంపై దాడి చేశారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మన జట్టు దిగితే స్టేడియమంతా గేలి చేసింది. అయినా దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి జూన్‌లో కన్నుమూశారు.

అందుకే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మాట ఎవరిది? దెబ్బ ఎవరికి? గార్డియోలా విషయంలో రెండూ ఆయనవే. జకార్తాలో మాట ఒకరిది, దెబ్బ ఆటగాళ్లకు.

మా ఊరి సంక్రాంతి క్రికెట్ టోర్నీలో ఎవరూ రాజకీయం మాట్లాడరు. కానీ ఫ్లెక్సీ మీద ఒక పార్టీ నాయకుడి ఫొటో ఉంటుంది. అందుకే అవతలి వీధి కుర్రాళ్లు రెండేళ్లుగా రావట్లేదు. మా ఊళ్లో మంచి బౌలర్ వాళ్లలోనే ఉన్నాడు.

నేను తలూపింది తప్పే. ఈసారి ఫ్లెక్సీ లేకుండా ఆడదామని ఊరి గ్రూపులో పెట్టాను. ఇంకా ఎవరూ రిప్లై ఇవ్వలేదు. మరి మీ ఊళ్లో ఎలా ఉంది?