త్రాసు లేని వేళ పసిబిడ్డ బరువు

తెలుగులో త్రాసన్నను, ఉర్దూలో తరాజన్నను అది చేతికందని గడియ ఒకటున్నది. పిల్లలకు మందును కిలోల లెక్కన కట్టవలెను. కాని స్పృహ తప్పిన బిడ్డను తూచు వ్యవధి వైద్యునకు ఉండకపోవచ్చును. అప్పుడు ఉజ్జాయింపే శరణ్యము. అందులకు గల చౌక సాధనములను మేమిచట పరిశీలింతుము.

మొదటిది వయస్సు. ఒకటి మొదలు ఆరేండ్ల వరకు వయస్సును రెట్టించి 8 కలుపవలెను. నాలుగేండ్ల బిడ్డకు 16 కిలోలు వచ్చును.

రెండవది బ్రోస్లో టేపు. ఇది 1980లలో అమెరికాలో రూపొందినది. బిడ్డ పొడవును బట్టి రంగుగడిలో బరువు చూపును. అయితే పొడవు బక్కతనమును చెప్పదు. 2008లో ప్రచురితమైన ముంబయి పరిశీలనలో, 10 కిలోలు మించిన మన పిల్లల బరువును ఆ టేపు హెచ్చుగా చూపినట్లు తేలినది.

ఆ నాలుగేండ్ల బిడ్డ నిజముగా 12 కిలోలే యనుకొందము. కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కించినచో 240కి బదులు 320 పోవును. పోషణ చాలని బిడ్డ గుండెకు అది ప్రమాదకరము.

కావున మూడవదియగు జబ్బ చుట్టుకొలతను విస్మరింపరాదు. ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు అది 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో తీవ్రమైన పోషణలోపమని గ్రహింపవలెను.

వీటన్నిటికంటె చౌకయైనది తల్లి జ్ఞాపకము. ఇటీవల తూచిన బరువును ఆమె చెప్పగలిగినచో సూత్రములతో పనియే తక్కువ. గాంధీనగర్ విద్యార్థులారా! మీ ఇంటి పసిబిడ్డను అంగన్‌వాడీలో తూచినప్పుడెల్ల ఆ అంకెను, తేదీని గోడ క్యాలెండరుపై వ్రాయుడు. ముషీరాబాదు గాంధీ ఆసుపత్రికి పరుగెత్తవలసిన నాడు ఆ అంకెయే మీ చేతి త్రాసు.